అక్షరం ఎలా ఏడుస్తుంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో తరచుగా వినిపించిన మాట "ఈ గుంటకి ఎక్కదు" అన్నది. ఎక్కనిది చదువు, ఆ గుంటని నేను. అప్పటికి నాకింకా ఐదేళ్లు నిండలేదు. బడి గడపే తొక్కని పిల్లకి చదువు ఎక్కదని ఎలా తేలిపోయిందో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న టెక్కలి వైపు పల్లె నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఉక్కు కార్ఖానాలో పనికి కుదిరాడు. కాసిడీహ్ అనే బస్తీలో ఒక పొడవాటి వరసలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలోకి అడుగుపెడితే హిందీ. ఇంగ్లీషు మాత్రం నాన్నతో పాటే షిఫ్టు దిగి ఇంటికొచ్చేది. ఫోర్‌మాన్, బ్రేక్‌డౌన్, ఛార్జిషీటు, ఓవర్‌టైము. ఈ మాటలన్నీ ఆయన చక్కగా పలికేవాడు గాని, వాటిలో ఒక్కదాన్నీ కాగితం మీద చదవలేడు. కార్ఖానాలో గోడకి నోటీసు అంటిస్తే ఎవరైనా చదివి చెప్పేదాకా దాని ముందు నిలబడి ఉండాలి. చదివేవాడు నవ్వుతూ చదివితే ఒక బాధ, విసుక్కుంటూ చదివితే ఇంకో బాధ. అందుకే పిల్లల్ని ఇంగ్లీషు బళ్లో వేసి తీరాలని ఆయన పట్టు.

ఆ పట్టుకి ముందుగా చిక్కినవాడు మా అన్నయ్య. బడివాళ్లు అడిగినదానికి వాడు జవాబు చెప్పలేకపోయాడు, సీటు రాలేదు. హిందీ బళ్లో వేస్తే అక్కణ్ణుంచి పారిపోయి వచ్చేసేవాడు. చివరికి వాణ్ణి ఊళ్లో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. టాటానగర్ స్టేషన్లో రైలు కదిలేదాకా మా అమ్మ కిటికీ ఊచ వదల్లేదు. ఇంటికొచ్చాక చూస్తే ఆమె అరచేతికి ఇనప తుప్పు అంటి ఉంది. అన్నయ్య ప్రయాణం గురించి నాకు గుర్తున్నది అంతే. కానీ ఒక సంగతి మాత్రం నా బుర్రలో గట్టిగా నాటుకుంది. అక్షరాలు రాకపోతే మనిషిని రైలెక్కించేస్తారు.

తరవాత నా వంతు వచ్చింది. నాకు ఏ నుంచి జెడ్ దాకా నోటికి వచ్చు. ఆపకుండా ఒక్క ఊపులో చెప్పేదాన్ని. మధ్యలో ఎల్లెమ్మెన్నోపీ అన్నది ఒకే అక్షరమని నా నమ్మకం. నాన్న నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఆ ఇంగ్లీషు బడికి తీసుకెళ్లాడు. తెల్ల చీర కట్టుకున్న ఒక మేడమ్ నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ అడక్కుండానే నేను ఏ బీ సీ డీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పేశాను. ఆవిడ బాగుందన్నట్టు తలూపి, ఒక అట్టముక్క తీసి నా చేతిలో పెట్టింది. దానిమీద లావుగా ఒకే అక్షరం ఉంది. బీ. ఆవిడ ఇంగ్లీషులో ఏదో అడిగింది. నేను బిక్కముఖం వేసేసరికి హిందీలో అడిగింది. "యే క్యా ఆవాజ్ కర్తా హై, బేటా?"

హిందీ నాకు బాగానే వచ్చు. ఇది ఏం శబ్దం చేస్తుంది అని అడుగుతోంది. నేను అట్టముక్క వైపు చూశాను. అది ఏ శబ్దమూ చెయ్యడం లేదు. బహుశా చాలా మెల్లగా చేస్తోందేమో అనుకుని దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. రెండో చెవి దగ్గర పెట్టుకున్నాను.

ముందు నవ్వింది పక్కన కూర్చున్న గుమాస్తా. తరవాత మేడమ్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాళ్లది చెడ్డ నవ్వు కాదని ఇప్పుడు అర్థమవుతుంది. కానీ గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డ మా నాన్న ముఖం అప్పుడెలా అయిపోయిందో నేను చూశాను. నోటీసు ముందు నిలబడ్డప్పుడు కూడా ఆయన ముఖం అలాగే ఉండేదని చాలా ఏళ్ల తరవాత తోచింది.

నాన్న నన్ను మళ్లీ సైకిల్ ఎక్కించుకున్నాడు. ఇంటికొచ్చి సైకిల్ గోడకి ఆనించి, మా అమ్మతో ఆ మాట అన్నాడు.

"ఈ గుంటకి ఎక్కదే. ఆడికీ ఎక్కనేదు, దీనికీ ఎక్కదు. కాయితం సెవికాడ ఎట్టుకుంది, తెలుసా? అందరూ నవ్వేరు."

మిగిలిన సీట్ల కోసం వేసవి సెలవుల తరవాత ఇంకోసారి పిలుస్తామని బడివాళ్లు చెప్పారు. అప్పుడూ రాకపోతే నేనూ అన్నయ్య దగ్గరికే అని నాన్న తేల్చేశాడు. మా అమ్మ తెలుగులో మూడో తరగతి చదివింది. ఇంగ్లీషు సంగతి ఆమెకి తెలియదు. అందుకని నన్ను పక్కింటి అక్కకి అప్పగించింది.

పక్కింటి అక్క వాళ్ల నాన్న రైల్వేలో గార్డు. అక్క ఇంటర్ పాసై టీచర్ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టింది. ఆ ఏడాది సీటు రాలేదు. ఖాళీగా ఉన్న ఆడపిల్ల ఏం చేసినా వాళ్లమ్మకి తప్పుగానే కనిపించేది. కూర్చుంటే ఎందుకు కూర్చున్నావంటుంది, నిలబడితే ఎక్కడికి బయల్దేరావంటుంది. ఆ పోరు పడలేక అక్క తమ వరండాలో చిన్నపిల్లలకి బడి పెడతానంది. ఎదురింటి ఒడియావాళ్ల అమ్మాయీ నేనూ చేరాం. ఇంకెవరూ రాలేదు. మేమిద్దరం ఏం నేర్చుకుంటామో చూసి అప్పుడు తమ పిల్లల్ని పంపిద్దామని వీధిలో తల్లులంతా కనిపెట్టుకుని ఉన్నారు.

మొదట్లో అక్క ఎంతో ఓపికగా చెప్పింది. వరండా గోడకి నల్లరంగు పూసి దానిమీద సుద్దతో బొమ్మలు వేసేది. బొమ్మ ఉన్నంతసేపూ నాకు భయం లేదు. బ్యాటు బొమ్మ వేసి కింద రాస్తే బ్యాట్ అనేదాన్ని. బొమ్మ చెరిపేసిందంటే నేనూ చెరిగిపోయేదాన్ని.

"బీ, ఏ, టీ. ఏటవుద్ది?"

"బీయేటీ."

"కాదే. బ్యాట్. మళ్లీ చెప్పు. బీ, ఏ, టీ?"

"బీయేటీ."

ఎదురింటి అమ్మాయి ఉండబట్టలేక "బ్యాట్!" అని అరిచేది. అక్క దాన్ని మెచ్చుకునేది. నాకు ఆ పిల్ల జడలు రెండూ పట్టుకుని లాగాలనిపించేది. నిజానికి నేను మొండికేసి అలా అనలేదు. నాకు బీ అన్నప్పుడు ఈ అని సాగే మోత వినిపిస్తోంది. ఏ వినిపిస్తోంది. టీలో మళ్లీ ఈ వినిపిస్తోంది. బ్యాట్‌లో అవేవీ లేవు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను కూడా.

"అక్కా, మరి బీలో ఈ ఎటెళ్లిపోయింది?"

"ఎటూ ఎల్నేదు. నీకెందుకవన్నీ? నేను చెప్పింది చెప్పు."

ఆ తరవాత నేనింకేమీ అడగలేదు. అక్క గొంతు రోజురోజుకీ పెరిగింది. నా గొంతు తగ్గింది. సీ, ఏ, టీ అయితే మరీ అన్యాయం. సీ అన్నదాంట్లో స ఉంది, క్యాట్ అన్నదాంట్లో క ఉంది. ఈ అక్షరాలు అబద్ధాలాడతాయని నాకు వాటిమీద కోపం. సాయంత్రం ఇంటికొచ్చి, బియ్యంలో రాళ్లు ఏరుతున్న అమ్మతో మొర పెట్టుకుంటే ఆమె తల ఎత్తకుండానే అంది.

"మన క అయితే క అనే అంటాది. ఆ ఇంగిలీసోళ్ల సంగతి నాకేటి తెలుసమ్మా."

నాన్న ఏ షిఫ్టు నుంచి వచ్చినా చెప్పులు విప్పకముందే అడిగేవాడు, ఈవేళ ఏం చదివావని. నేను పలక ముందుపెట్టి బీయేటీ అనేదాన్ని. ఆయనకి అది తప్పని తెలుసు. ఏది ఒప్పో చెప్పడం తెలియదు. ఆ ఉక్రోషమంతా పలక మీద చూపించి దాన్ని మూలకి తోసేసేవాడు. ఇంట్లో ముగ్గురం ఎవరి కోపం వాళ్లు దిగమింగుకుని అన్నం తినేవాళ్లం.

ఆ రోజు సంగతికి వస్తాను. ఎండలు ముదిరాయి. పొద్దెక్కకముందే లూ అనే అక్కడి వడగాలి కార్ఖానా దుమ్ముని ఎత్తుకొచ్చి వీధిలో పోస్తోంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన నాన్న చద్దన్నం తింటూ, నేను అక్కడ లేననుకుని అమ్మతో అన్నాడు.

"ఆదివారం మా బావ టెక్కలి ఎల్తన్నాడు. దీన్ని కూడా అంపేద్దాం. మళ్లీ ఆ బడికాడికి ఎల్లి నవ్వులపాలు ఎందుకు?"

 అమ్మ గరిట కింద పెట్టిన చప్పుడు వినిపించింది. నేను తలుపు వెనకనుంచి బయటికొచ్చి, పలక తీసుకుని, తిన్నగా పక్కింటి వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. 

అక్కకి కూడా ఆవేళ ఇంట్లో ఏదో గొడవైనట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వచ్చీరాగానే గోడమీద బీ, ఏ, టీ రాసి నన్ను చెప్పమంది. నేను నోరు విప్పలేదు. మళ్లీ అడిగింది. విప్పలేదు. భుజం పట్టుకుని ఊపింది.

"నోట్లో ఏటెట్టుకున్నావే? పాలకోవా? ఇన్నాళ్లనుంచి గొంతు చించుకుంటన్నాను. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట రాదా నీకు?"

"బీయేటీ," అన్నాను.

అక్క చేతిలో సుద్దముక్క గోడకేసి కొట్టింది. అది తునకలై మా ఒళ్లో పడింది. "నా వల్ల కాదు. బస్, హో గయా. మీ నాన్న చెప్పిందే నిజం," అని లోపలికి వెళ్లిపోయింది. ఎదురింటి అమ్మాయి బిక్కచచ్చి స్తంభం పక్కకి జరిగింది. లోపల నీళ్లకుండ మీద మూత తీసిన చప్పుడు, మొఖం మీద నీళ్లు కొట్టుకున్న చప్పుడు వినిపించాయి.

ఇంక ఇంటికి పొమ్మంటుందని ఎదురుచూస్తున్నాను. కానీ అక్క తడి మొఖంతో తిరిగొచ్చి, స్టూలు మీద కాకుండా నా ఎదురుగా నేలమీద కూర్చుంది.  తరవాత, అంతవరకూ నన్నెవరూ అడగని సంగతి అడిగింది.

"అసలా బళ్లో నిన్నేటడిగారే?"

చెప్పాను. అట్టముక్క సంగతి, ఏం ఆవాజ్ చేస్తుందని మేడమ్ అడగడం, నేను చెవి దగ్గర పెట్టుకోవడం, రెండో చెవి దగ్గర కూడా పెట్టుకోవడం. అక్క నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"వినపడిందా?"

"నేదు."

అక్క గోడమీదున్న బీ వైపు తిరిగి చూసింది. తన పెదవులతో ఏదో చేస్తోంది. శబ్దం బయటికి రాకుండా మూస్తోంది, తెరుస్తోంది. ఆ తరవాత నా వైపు తిరిగి ఇంకో వింత ప్రశ్న వేసింది.

"నువ్వు ఏడిసినప్పుడు నీ పేరు చెప్పుకుని ఏడుత్తావా?"

"నేదు."

"మరెలాగేడుత్తావు?"

నాకు సిగ్గేసింది. అయినా "ఊఁ ఊఁ" అని చూపించాను.

"అదీ. నీ పేరొకటి, నీ ఏడుపొకటి. అవునా? ఆవు పేరు ఆవు. అది ఆవు ఆవు అని అరుత్తాదా? నేదు కదా. దీని పేరు బీ. పేరది. అందరూ పిలవడానికి ఎట్టుకున్న పేరు. మరి ఇదేడిత్తే ఎలాగేడుత్తాది? ఇలా చూడు, నా మూతి చూడు." పెదవులు రెండూ బిగించి, ఒక్కసారి వదిలింది. "బ్."

నేను ఆమె మూతినే చూస్తున్నాను. 

"మరి అమ్మడూ," అంది అక్క. నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. "ఆ మేడమ్ నిన్నడిగింది ఏడుపు. మేమందరం నీకు నేర్పింది పేర్లు. నువ్వు చేసింది తప్పు కాదు. పేరు నేర్పి ఏడుపు అడిగితే ఎవరు మాత్రం చెప్తారు? తప్పు నాది."

పెద్దవాళ్లు పిల్లల ముందు తప్పు నాది అనడం నేను అప్పటిదాకా వినలేదు. వినకూడని మాట ఏదో విన్నట్టు ఎదురింటి అమ్మాయి వైపు చూశాను. అదీ నోరు తెరుచుకుని చూస్తోంది.

తరవాత అక్కకి పూనకం వచ్చినట్టయింది. ఎస్ రాసింది. ఇది ట్యూబులోంచి గాలి పోయే సైకిల్ అంది. స్స్స్. ఎమ్ రాసింది. నోటినిండా ముద్ద ఉన్నప్పుడు మీ అమ్మ ఇంకా కావాలా అంటే ఎలా చెప్తావంది. మ్మ్. టీ రాసి, కొళాయి కింద బోర్లించిన గిన్నె మీద చుక్క పడితే ఏమంటుందో చెప్పమంది. ట్. ఐ, ఓ, పీ, ఎన్, ఇంకా కొన్నిటి ఏడుపులు కూడా అలాగే వెతికాం. మా ముగ్గురి గోలకి వాళ్లమ్మ తొంగిచూసి, ఇదేం చదువే అని గొణుక్కుంటూ వెళ్లింది.

అయితే ముడి అంతటితో విడిపోలేదు. విడి విడిగా అన్నీ వచ్చాయి. కలిపి చెప్పమంటే మళ్లీ పాత రోగమే. నేను బ్ అనబోతే బ అని వచ్చేస్తోంది, ట్ అనబోతే ట అని వచ్చేస్తోంది. బ, అ, ట. బఅట. తెలుగు నోరు కదా, ప్రతి అక్షరం చివరా ఒక అ తగిలించందే ఊరుకోదు. అక్క రెండుసార్లు చెప్పింది. మూడోసారి పళ్లు నూరింది. చివరికి, "తోక కత్తిరించాలి దీనికి," అంటూ నేను బ అనగానే అరచెయ్యి నా నోటిమీద ఠక్కున మూసింది.

నాకు ఊపిరాడలేదు. ఆదివారం రైలు, గోడకి తగిలి ముక్కలైన సుద్ద, అన్నీ ఒక్కసారి పైకి తన్నుకొచ్చాయి. అక్క చెయ్యి కొరికేశాను.

"అబ్బా! కుక్కపిల్లా!" అని అక్క చెయ్యి ఎత్తింది. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. కళ్లు తెరిచేసరికి అక్క తన అరచేతి మీద నా పళ్ల గుర్తులు చూసుకుంటోంది.

"సరే," అంది, ఊపిరి వదిలి. "నా చెయ్యి వద్దు. నీ చెయ్యే ఎట్టుకో."

నా చెయ్యి నేనే నోటి ముందు పెట్టుకున్నాను. బ అని, వెంటనే మూసుకున్నాను. బ్. ట అని మూసుకున్నాను. ట్. తోక తెగిపోయింది. ఎవరో మూసినప్పుడు రానిది, నేను మూసుకుంటే వచ్చింది.

అక్క గోడంతా చెరిపేసింది. బొమ్మ వెయ్యలేదు. ఇంతకు ముందెప్పుడూ రాయని మాట ఒకటి రాసింది. పీ, ఐ, ఎన్. నేను నోటిముందు చెయ్యి పెట్టుకుని, ఒక్కొక్కదాని దగ్గరా ఆగుతూ వెళ్లాను. ప్. ఇ. న్. మళ్లీ వెళ్లాను. ప్, ఇ, న్. మూడోసారికి అవి వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"పిన్," అన్నాను. అన్నాక నాకే వినిపించింది ఏమన్నానో. "పిన్నీసు!"

అక్క వోణీకి భుజం దగ్గర గుచ్చుకున్న పిన్నీసు మీద వేలు పెట్టాను. ఎవరూ చెప్పలేదు, బొమ్మ లేదు. గోడమీద ఉన్నది నా నోట్లోంచి అక్క భుజం దగ్గరికి వచ్చింది. అరవై ఏళ్లు కావస్తున్న ఈ వయసులో కూడా, అంతటి ఆశ్చర్యం నాకింకోసారి కలిగిందని చెప్పలేను.

ఎదురింటి అమ్మాయి వెనకబడటం ఇష్టంలేక గోడవైపు చూసి "క్యాట్!" అని అరిచింది. అక్క దాని వైపు తిరిగి, "బేటీ, ఫిర్ సే బోలో," అని మళ్లీ చెప్పమంది. "బ్యాట్!" అంది అది, ఇంకా గట్టిగా. అంతవరకూ వచ్చనుకున్న పిల్లకి కూడా రాదని, మోత గుర్తుపెట్టుకుని చెబుతోందని అక్కకి అప్పుడు తెలిసింది. ఆమె రెండు చేతులతో తల పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది. నాన్న మంచం వాల్చుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనతో ఎదురుపడి మాట్లాడే అలవాటు ఆమెకి లేదు.

"బాబాయ్, పిల్లని అంపకండి. దానికి వత్తంది."

"ఎన్నాళ్లనుంచో ఇదే ఇంటన్నాను. నీకెందుకమ్మా ఇదంతా? నీ సీటు నీకే రానేదు."

అమ్మ పొయ్యి దగ్గరనుంచి "అదేటి మాట" అంది. అక్క మొఖం మాడిపోయింది. వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు.

"అవును బాబాయ్, రానేదు. సీటు రానేదని మా నాన్న నన్ను రైలెక్కించీనేదు కదా."

 నాన్న అటూ ఇటూ చూసి, మేకుకి వేలాడుతున్న తాళంచెవి అందుకున్నాడు. దానికి కట్టి ఉన్నది కార్ఖానాలో కాలే ఇనుము దగ్గర వేలాడదీసే రేకు బిళ్ల. పాతబడి పారేస్తే తెచ్చుకున్నాడు. దానిమీద ఎర్రరంగుతో మూడక్షరాలున్నాయి. బిళ్ల నా ముందు పెట్టి, "అయితే ఇది సదవమను," అన్నాడు.

హెచ్ ఏడుపు మేమింకా నేర్చుకోలేదు. నేను అక్క వైపు చూశాను. అక్క నాన్న చూడకుండా, పరిగెత్తి వచ్చి ఆయాసపడ్డట్టు ఊపిరి వదిలి చూపించింది. హ్. నేను నోటి ముందు చెయ్యి పెట్టుకున్నాను. హ్. ఆ. ట్.

"హాట్."

నాన్న బిళ్లని తన వైపు తిప్పుకున్నాడు. అది హాట్ అని ఆయనకి తెలుసు, కార్ఖానాలో అందరికీ తెలుసు. ఎర్ర బిళ్ల కనిపిస్తే చెయ్యి పెట్టకూడదని తెలుసు. కానీ రంగునీ ఆకారాన్నీ చూసి తెలుసుకున్నాడు గాని, అందులో హ్ ఎక్కడుందో, ట్ ఎక్కడుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. చాలాసేపు చూసి, వేలితో మొదటి అక్షరం మీద గీస్తూ, అక్కనో నన్నో తెలియకుండా అడిగాడు. "ఇదేనా హ్?"

ఆదివారం నాన్న వాళ్ల బావ ఒక్కడే టెక్కలి వెళ్లాడు.

కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందని చెప్పాలని నాకూ ఉంది. కానీ సెలవుల తరవాత బడికి వెళ్తే, సీట్లు నిండిపోయాయని గుమాస్తా గేటు దగ్గరే చెప్పేశాడు. పిలుస్తామన్నారు కదా అంటే, పిలవలేదు కదా అన్నాడు. నేను నేర్చుకున్న ఏడుపులన్నీ నోట్లో సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. వినేవాళ్లు లేరు. నాన్న సైకిల్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఆ గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయనకి చాలా కోపం వచ్చింది. కానీ ఆ కోపం నా మీద కాదు. నన్ను ఎత్తి సైకిల్ మీద కూర్చోబెట్టినప్పుడు ఆ తేడా నాకు ఆయన చేతుల్లో తెలిసింది. ఎక్కదు అన్న మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

ఆ ఏడాదంతా అక్క వరండాలోనే చదువుకున్నాను. మెల్లగా వీధిలో పిల్లలు చేరారు. వరండా చాలక కొందరు మెట్లమీద కూర్చునేవారు. పై ఏడాది నది అవతల మాంగో అనే పేటలో కొత్తగా పెట్టిన ఒక చిన్న బళ్లో చేరాను, బస్సులో వంతెన దాటి వెళ్లేదాన్ని. అక్కకి ట్రైనింగు సీటు వచ్చి రాంచీ వెళ్లిపోయింది. వెళ్లేముందు తన చెయ్యి చూపించి, గుర్తులు పోయాయిలే అని నవ్వింది.

మా అమ్మ ఒకసారి నాన్నని అడిగింది, "మరి పెద్దోడినో? ఆడినీ తెచ్చీచ్చు కదా," అని. అప్పటికి అన్నయ్య అక్కడి బళ్లో కుదురుకున్నాడని, మధ్యలో కదపడం ఎందుకని నాన్న అన్నాడు. అన్నయ్య పది అక్కడే పూర్తి చేశాడు. బాగానే బతికాడు. కానీ మా ఇంటికొస్తే చుట్టంలా మంచినీళ్లు కూడా అడిగి తాగేవాడు. వాణ్ణి ఆ బళ్లో ఏం అడిగారో, వాడేం చెప్పాడో ఎవరూ ఎప్పుడూ కనుక్కోలేదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఎవరిమీదో తెలియని కోపం వస్తుంది.

పెద్దయ్యాక నేను కూడా ఇదే ఊళ్లో చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పే పనిలోనే పడ్డాను. ఆ పనిలో ఓపిక గురించి చాలామంది చాలా మాట్లాడతారు. నాకు ఓపిక లేదు. ఒక పిల్ల ఒకే తప్పు పదేపదే చేస్తే నాకు ఒళ్లు మండుతుంది, గొంతు దానంతటదే లేస్తుంది. ఆ కోపం పోగొట్టుకోవడం ఇన్నేళ్లలో నాకు చేతకాలేదు. కానీ అది వచ్చిన ప్రతిసారీ ఒక పని మాత్రం చేస్తాను. నోరు మూసుకుని పిల్ల ఎదురుగా నేలమీద కూర్చుంటాను. నేను అడుగుతున్నది నేను నేర్పానా అని ముందు నన్ను నేను అడుగుతాను. తరవాత, నేను అడిగింది నీకు ఏమని వినపడిందమ్మా అని పిల్లని అడుగుతాను. పిల్లలు చెబుతారు. ఎవరైనా అడగాలే గాని, ఎంత చిన్న పిల్లలైనా చెబుతారు.